కోనసీమలో ఊపిరినూనె

కోనసీమకు నేను ఒక పొయ్యి వెంట వెళ్లాను. పల్లెల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మా స్నేహితురాలి భర్త విశ్వనాథం గారు హైదరాబాదులో రసాయన శాస్త్రవేత్త. ధాన్యం మిల్లు పొగగొట్టంలోంచి బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడును పట్టుకుని, దానికి మరో వాయువు కలిపి, వేడి మీద ఒత్తిడి పెట్టి, వంటకు పనికొచ్చే ద్రవంగా మార్చే పని మీద ఆయన సగం ఉద్యోగకాలం గడిపారు. ఆ ద్రవం పేరు మిథనాల్. చూడటానికి మంచినీళ్లలాగే ఉంటుంది. తాగితే మాత్రం కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. అందుకే డబ్బాలకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవారు.

తయారీ అయితే కుదిరింది. జనం దాన్ని వంటింట్లోకి రానిస్తారా అన్నది తేలాలి. రానివ్వరని తేలితే ఈ పనికి వచ్చే సాయం ఆగిపోతుందని పైవాళ్లు ముందే చెప్పేశారట. "ఆడవాళ్ల దగ్గర నాకు మాట పెగలదు సుగుణ గారూ, మీరు తోడొస్తే బావుంటుంది" అన్నారు. నేను అనంతపురంలో ఆడపిల్లల కాలేజీలో గృహవిజ్ఞానం చెబుతాను. వంటిళ్ల సంగతి నాకు కొంత తెలుసు. పైగా కోనసీమ చూడలేదు. సరేనన్నాను.

జొన్నాడ

రాజమండ్రిలో రైలు దిగి అద్దె కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు సత్తిబాబుది కొత్తపేట. మా వైపు "ఊఁ" అనే చోట ఇతను "ఆయ్" అంటాడు. ఎదురుగా అడ్డం వచ్చిన లారీవాణ్ణి తిట్టినప్పుడు కూడా చివర "అండి" చేర్చాడు.

విశ్వనాథం గారు పొగను పట్టి తెచ్చుకున్న మిల్లు జొన్నాడలోనే ఉంది. మిల్లు ముందున్న టీ కొట్టు దగ్గర ఆగాం. బస్తాలు మోసేవాళ్లు, ధాన్యం చెరిగే ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఈ మిల్లు పొగలోంచే పొయ్యి నూనె తీశానని విశ్వనాథం గారు వాళ్లకు చెప్పారు. గోదావరి మీంచి గాలి వీస్తోంది. ఇంత ధారాళంగా గాలీ నీళ్లూ ఉన్న చోట మనుషులు ఇంకా దేని గురించి బెంగపడతారో అనుకున్నాను.

"పొగలోంచి నూనె ఏంటండి బాబూ! పొగలో ఉండేది మసే కదండి?" అన్నాడు బస్తాలు మోసే ఒకతను.

విశ్వనాథం గారికి హుషారు వచ్చింది. "అందరూ అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని ఊపిరి వదలండి" అన్నారు. అందరూ అలాగే చేశారు. నేనూ చేశాను. "చేతికి తగిలిందా? అందులో ఒక వాయువు ఉంది. ఊక కాలిన పొగలోనూ అదే ఉంది. దాన్ని పట్టి నూనె చేశాను. అంతే."

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అరచేతులు చూసుకుంటూ ఉండిపోయారు. ఒకామె చేతిని చీర కుచ్చిళ్లకేసి తుడుచుకుంది. టీ కాచే నాగమణి అనే ఆవిడ గరిటె పక్కన పెట్టి అడిగింది.

"అయితే మరేనండి, మనిషి పోయేటప్పుడు వదిలే ఆఖరి ఊపిరిలో కూడా అదే ఉంటాదాండీ?"

"అదే ఉంటుందమ్మా. గాలిలో కలిసిపోతుంది" అన్నారు విశ్వనాథం గారు.

"ఆయ్" అంది ఆవిడ. టీ గ్లాసులు మాత్రం మా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెనక్కి జరిగింది.

కొత్తపేట

వంతెన దాటి నేరుగా కొత్తపేట చేరాం. దారిలో ఎక్కడా ఆగలేదు. విశ్వనాథం గారి గురువుగారి బంధువు సుబ్రహ్మణ్యశాస్త్రి గారని, వేదం చదువుకున్న వంశం. ఆయన సంస్కృతం పంతులుగా చేసి రిటైరయ్యారు. వాళ్లింట్లో మధ్యాహ్నం భోజనం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర వేశారు. మా అనంతపురంలో పనస అంటే తొనలే. చెట్టు మీది పచ్చికాయను పొట్టులా కొట్టి ఇంత రుచి రప్పించవచ్చని అక్కడే తెలిసింది. శాస్త్రి గారి భార్య కామేశ్వరమ్మ గారు వద్దన్నకొద్దీ వడ్డించారు.

భోజనాలయ్యాక పెరట్లో ఎండలో పొయ్యి పెట్టి వెలిగించాం. ఈ నూనె మంటకు ఒక గుణం ఉంది. మసి ఉండదు, పొగ ఉండదు. ఎండలో పెడితే మంటే కనబడదు. నాకు ముందే తెలుసు. అయినా వంగి గిన్నె కిందికి చూశాను. ఖాళీగా ఉన్న పొయ్యి మీద గిన్నె, గిన్నెలో నీళ్లు. కాసేపటికి నీళ్లు సలసల కాగడం మొదలెట్టాయి. కింద ఏమీ లేదు.

"అంటుకోలేదేమోనండి" అంటూ కామేశ్వరమ్మ గారు చెయ్యి చాపారు. గబుక్కున ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. సెగ నా వేళ్లకు తగిలింది. ఆవిడ నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. నేనేదో దాచిపెట్టినట్టు చూశారు.

అన్నం ఉడికింది. శాస్త్రి గారు గొంతు సవరించుకున్నారు. "ఏమీ అనుకోకండి. మా ఇళ్లల్లో దీపాన్ని నోటితో ఊది ఆర్పమండి. ఊపిరి తగిలితే ఎంగిలి అంటాం. అటువంటిది ఊపిరితోనే వండిన అన్నం దేవుడికెలా చూపించమంటారు?"

"ఇది ఊపిరి కాదండీ. ఊక పొగ."

"జొన్నాడలో మీరే ఊపిరన్నారటగా అండి."

మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. వాళ్లింట్లో ఫోను లేదు. సత్తిబాబు మాతో పాటే భోంచేసి అరుగు మీద నిద్రపోతున్నాడు. "ఎవరు చెప్పారండీ?" అని అడిగాను.

"అనుకుంటున్నారండి" అన్నారాయన, వీధి వైపు చెయ్యి ఊపి. వీధిలో ఎవరూ లేరు.

కామేశ్వరమ్మ గారు గిన్నెను గుడ్డతో పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, అన్నం కొబ్బరిచెట్టు మొదట్లో పోసి వచ్చారు. గోడ మీద కాకులు వరసగా కూర్చుని ఉన్నాయి. అవి దిగుతాయని చూశాను. మేం బయల్దేరేదాకా ఒక్కటీ కిందికి రాలేదు.

అమలాపురం

రెండోరోజు ఉదయం అమలాపురంలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకులను దొన్నెల్లా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. మా ఊళ్లో రెండిడ్లీల ధరకు ఇక్కడ కడుపు నిండింది. డబ్బులివ్వబోతే హోటలాయన రెండు చేతులూ జోడించాడు.

"మీరేనాండీ ఊపిరినూనె వాళ్లు?"

ఆ మాట నేను వినడం అదే మొదలు. మేం పెట్టిన పేరు కాదది.

"డబ్బులొద్దండి. రేపు మాత్రం రాకండి. ఏమీ అనుకోకండేం" అన్నాడు ఎంతో మర్యాదగా. తరువాత గొంతు తగ్గించాడు. "ఆస్పత్రుల్లో మంచాల పక్కన గొట్టాలు పెట్టి, పోయేవాళ్ల ఆఖరి ఊపిరి పడతన్నారంటండి. నిజమేనాండీ?"

విశ్వనాథం గారి ముఖం ఎర్రబడింది. అక్కడే నిలబడి ఊక గురించి, పొగగొట్టం గురించి మొదటినుంచి చెప్పారు. హోటలాయన "ఆయ్, ఆయ్" అంటూ విన్నాడు. అంతసేపూ భుజం మీది తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉన్నాడు.

బజారులో కారు మెల్లిగా వెళ్తోంది. అరటిగెలల దుకాణాల ముందు ఆడవాళ్లు బేరాలాడుతున్నారు. మా కారు దగ్గరికి రాగానే ఒకామె మాట ఆపి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనామె కూడా. చూస్తుండగా వీధి పొడవునా కొంగులు లేచాయి. మగవాళ్లు పెదవులు బిగించారు. ఎవరూ మమ్మల్ని అటకాయించలేదు, రాయి విసరలేదు. మేం దాటిపోయేవరకు ఊపిరి బిగబట్టారు. అద్దంలోంచి వెనక్కి చూశాను. మేం దాటాక కొంగులు దించి, మళ్లీ బేరాలు మొదలెట్టారు.

మహిళా సంఘం వాళ్ల వాకిట్లో పొయ్యి చూపించే ఏర్పాటు. ముందే మాటిచ్చారు కాబట్టి కొందరు వచ్చి దూరంగా నిలబడ్డారు. పొయ్యి వెలిగించి నేను మాట్లాడుతున్నాను. మసి పట్టని గిన్నెల గురించి, పొగకు మండని కళ్ల గురించి. ఎవరూ నా ముఖం చూడటం లేదు. అందరి చూపూ పొయ్యి పక్కనున్న అరిటాకు మీద ఉంది. వడ్డనకని తెచ్చిన లేత ఆకు. గాలికి మంట అటు మళ్లినట్టుంది, దాని అంచు నల్లబడింది. మెల్లిగా ముడుచుకుంది. ఎవరూ ముట్టుకోలేదు, నిప్పు కనబడటం లేదు. ఆకు తనంతట తానే లోపలికి ముడుచుకుంటూ, మనిషి పిడికిలి మూసినట్టు మూసుకుపోయింది.

ఎవరైనా కేక వేసి ఉంటే బావుండేది. వాళ్లు చప్పుడు చెయ్యకుండా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వాకిలి ఖాళీ అయ్యాక చూసుకుంటే నేనే ఊపిరి బిగబట్టి ఉన్నాను. ఆ తరువాత కారులో డబ్బాల పక్కన కూర్చున్నప్పుడల్లా అదే చేస్తూ వచ్చాను. విశ్వనాథం గారికి చెప్పలేదు.

రాజోలు

మూడోరోజు రాజోలు దారిలో కొబ్బరితోటల మీదుగా గ్యాసు బావి మంట కనబడింది. పట్టపగలు ఆకాశంలోకి నారింజరంగు నాలుక. మా అనంతపురంలో అలాంటిది కనబడితే జనం ఆగి చూస్తారు. ఇక్కడ దాని కిందే గేదెలు మేస్తున్నాయి. దారిపక్క బొండాలు తాగుతుంటే సత్తిబాబు చెప్పాడు. అంతకు చాలా ఏళ్ల కిందట ఒక బావి అంటుకుని రోజుల తరబడి మండిందట. అతని అత్తవారి వీధి వీధంతా ఊరొదిలి పోయిందట.

"ఆ మంటకి రాత్రుళ్లు కూడా మనుషుల నీడలు పడేవండి. అయినా తిరిగొచ్చి అక్కడే ఉంటన్నారండి."

"మరి ఈ చిన్న పొయ్యికి భయమెందుకు సత్తిబాబూ?" అన్నారు విశ్వనాథం గారు.

సత్తిబాబు బొండం కింద పెట్టాడు. "కనబడే నిప్పయితే పారిపోతామండి. కనబడకపోతే ఎటేపు పారిపోతామండి?"

ఈ ప్రచారం నువ్వే చేస్తున్నావా అని నేను అడిగేశాను. అతను నొచ్చుకున్నాడు. "నేనెవరితోనూ అనలేదండి. నన్నే మా ఇంట్లో రానిత్తారో లేదో తెలీటం లేదండి" అన్నాడు. అతని కళ్లు చూసి నమ్మాను.

రాజోలులో బడి వరండాలో కుర్చీలు వేసి ఉంచారు. ఒక్కరూ రాలేదు. మిట్టమధ్యాహ్నం వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. గాలి కోసం అల్లాడిపోయే ఆ ఉక్కలో కిటికీలు కూడా బిగించారు. ఒక ఇంటి ముందు ఊయల ఖాళీగా ఊగుతోంది. బిడ్డను అప్పుడే తీసుకుని లోపలికి వెళ్లినట్టున్నారు. విశ్వనాథం గారు వరండా మెట్టు మీద కూర్చుండిపోయారు. "అయిపోయింది సుగుణ గారూ. నేను తప్పేమీ చెప్పలేదు. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు" అన్నారు.

అప్పుడు వరండా చివర స్తంభం వెనకనుంచి ఒకావిడ లేచి వచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో. నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"సఖినేటిపల్లి నుంచి బస్సెక్కి వచ్చేనండి మీకోసం. నా పేరు ఆదిలక్ష్మండి. మా ఇంట్లో ఎలిగిత్తారాండీ?"

సఖినేటిపల్లి

వశిష్ఠ గోదావరి రేవుకు దగ్గర్లో పెంకుటిల్లు. వంటిల్లు చిన్నది. గూట్లో ఒక మగమనిషి ఫోటో, పక్కన మూత బిగించిన అత్తరు సీసా. ఆదిలక్ష్మి గారి భర్త మస్కట్‌లో ఇళ్లు కట్టే పనికి వెళ్లాడు. రెండేళ్ల కిందట అక్కడే పోయాడు.

"మనిషి రాలేదండి. అక్కడే దహనం చేసేసేరంట. బట్టల పెట్టొచ్చింది" అంది.

పొయ్యి పెడుతుంటే ఆవిడ కిటికీ మూసింది, తలుపు దగ్గరికి వేసింది. చీకట్లో ఆ మంట మొదటిసారి సరిగ్గా చూశాను. పలచని నీలం. ఉందో లేదో అనిపించేంత పలచన. లోపలినుంచి సన్నని చప్పుడు, ఎవరో పళ్ల సందునుంచి ఊపిరి వదులుతున్నట్టు. ఆవిడ పీట వేసుకుని దాని ముందు కూర్చుంది.

"శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవారండి. మాటలయిపోయేక కూడా పెట్టేసేవారు కాదు. డబ్బులయిపోతాయండీ అన్నా వినేవారు కాదు. ఇలాగే వినబడేదండి, ఊపిరి."

విశ్వనాథం గారు ఇబ్బందిగా కదిలారు. "అమ్మా, మీకెవరో తప్పు చెప్పారు. ఇది జొన్నాడ మిల్లులో ఊక పొగనుంచి తీసింది. ఏ మనిషి దగ్గరా పట్టింది కాదు."

"ఊక ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

"వరి నుంచి."

"వరికి ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

ఆయన నెమ్మదిగా అన్నారు. "గాలిలోంచి. మొక్క గాలిలో ఉన్న ఆ వాయువును పీల్చుకునే పెరుగుతుంది."

"గాలి మస్కట్ నుంచి ఇక్కడిదాకా వత్తదాండీ?"

"వస్తుంది. ఏడాది రెండేళ్లలో లోకమంతా కలిసిపోతుంది. కానీ ఇందులో మీ ఆయన ఊపిరి ఉందని నేను చెప్పలేను తల్లీ."

"లేదని చెప్పగలరాండీ?"

నేను విశ్వనాథం గారి ముఖమే చూస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఆ మనిషికి ఇంకోటి చేతకాదు. "చెప్పలేనమ్మా" అన్నారు.

ఆవిడ ఏడవలేదు. బియ్యం కడిగి ఎసట్లో పోసింది. అన్నం ఉడుకుతున్నంతసేపూ చప్పుడు వింటూ కూర్చుంది. ఒకసారి చాలా మెల్లిగా, "తిన్నారా?" అంది. మమ్మల్ని అడిగిందనుకుని జవాబివ్వబోయాను. ఆవిడ మావైపు చూడటం లేదు. ఆ క్షణంలో మంట కొంచెం వంగింది. తలుపు సందులోంచి గాలి వచ్చి ఉంటుంది. అలాగే అనుకున్నాను.

ఆకులు వేసి మాకు వడ్డించింది. వేడన్నం, కొబ్బరి పచ్చడి, నెయ్యి. విశ్వనాథం గారు కలుపుకుని తినడం మొదలెట్టారు. నా చెయ్యి లేవలేదు. ఊరూరా తిరిగి, ఇది ఉత్త నూనే భయం లేదని చెబుతూ వచ్చిన నేను, ఆ అన్నం మీది ఆవిరి తగలగానే ముఖం పక్కకు తిప్పుకున్నాను. పీల్చాలంటే భయం వేసింది. ఆవిడ గమనించింది.

"పరవాలేదండి. ఆయన చాలా నెమ్మదస్తులండి" అంది.

తిన్నాను. మామూలు అన్నమే. పొగవాసన లేకుండా తెల్లగా, పలుకు పలుకుగా ఉంది. ఆ మూడురోజుల్లో మా పొయ్యి మీద వండింది మనుషులు తినడం అదే మొదలు.

పొయ్యి ఉంచేసి వెళ్లమని అడుగుతుందేమోనని విశ్వనాథం గారు భయపడ్డారు. ఆ విషపు నూనె ఒక్కతే ఉండే మనిషి ఇంట్లో వదలడానికి ఆయన ఒప్పుకోరు. ఆవిడ అడగలేదు. పొయ్యి ఆర్పాక అరచెయ్యి దాని మీద చాచి, వెచ్చదనం పోయేదాకా ఉంచింది. తరువాత లోపలికి వెళ్లి, కడిగి ఆరబెట్టిన పచ్చడి సీసా ఒకటి తెచ్చింది. మా ఎదురుగానే మూత తీసి, సీసా అంచు పెదాలకు ఆనించి, గుండెల్లో ఉన్నదంతా ఖాళీ అయ్యేలా ఊపిరి వదిలింది. గాజుకు లోపల ఆవిరి పట్టింది. వెంటనే మూత బిగించి, పాత చీరముక్క కట్టి, విశ్వనాథం గారి చేతుల్లో పెట్టింది.

"ఈసారి చేసేటప్పుడు ఇది కూడా కలపండి. ఆయనొక్కరే ఎన్నాళ్లని తిరుగుతారండి!"

ఇది నూనె చెయ్యడానికి చాలదని ఆయన చెబుతారనుకున్నాను. తీసుకున్నారు.

పంటు మీద

కారును సత్తిబాబుతో వెనక్కి పంపేసి, నర్సాపురం వెళ్లి రైలెక్కుదామని పంటు ఎక్కాం. మనుషులు, సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, రెండు మేకలు, అన్నీ కలిపి గోదావరి దాటించే పెద్ద పడవ అది. సాయంత్రపు ఎండ నీళ్ల మీద ఏటవాలుగా పడుతోంది. పొయ్యి, డబ్బాలు గోనెసంచిలో చుట్టేశాం కాబట్టి మమ్మల్నెవరూ గుర్తుపట్టలేదు. అమలాపురం తరువాత మొదటిసారి మనుషుల భుజాలు నా భుజాలకు తగిలాయి. పక్కన నిలబడ్డ ఒక ముసలాయన మాది ఏ ఊరని అడిగి, అనంతపురం అంటే, "అంత దూరమాండీ! అక్కడ కాలవలుంటాయాండీ?" అని జాలిపడ్డాడు. ప్రాణం కాస్త కుదుటపడింది.

విశ్వనాథం గారు నాతో మెల్లిగా అన్నారు. "ఇన్ని ఊళ్లలో ఒక్క ఇల్లు ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందని పైవాళ్లు అడిగితే ఏం చెప్పను? ఆ ఇంటి సంగతి అసలు చెప్పనే చెప్పను. ఆవిడ ఒప్పుకున్నది నా పొయ్యిని కాదు కదా, ఎవరూ ఒప్పుకోలేదనే చెబుతాను."

"అలా చెబితే మీ పని ఆగిపోతుంది కదా."

"ఆగిపోనీండి" అన్నారు. సీసాను రెండు చేతుల్తో పొట్టకు ఆనించి పట్టుకుని ఉన్నారు. పడవ ఊగినప్పుడల్లా ఇంకా గట్టిగా పట్టుకుంటున్నారు.

ముసలాయన అది చూశాడు. "ఖాళీ సీసాను అంత జాగర్త చేత్తన్నారేంటండి? ఏముందండి అందులో?"

నేను విశ్వనాథం గారి మోచెయ్యి తాకాను, వద్దని. ఏదో ఒకటి చెప్పేయవచ్చు. పచ్చడి అనొచ్చు, మందు అనొచ్చు. విశ్వనాథం గారు నా వైపు చూశారు, ముసలాయన వైపు చూశారు.

"ఒకావిడ ఊపిరి ఉందండి" అన్నారు.

ముసలాయన "ఆయ్" అన్నాడు. మెల్లిగా తువ్వాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనకనున్నామె ఎందుకని అడగలేదు, కొంగు పైకి లాక్కుంది. ఆమె పక్కనున్నామె కూడా. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంత ఇరుకులోనూ మా ఇద్దరి చుట్టూ చెక్కల మీద చోటు ఖాళీ అయిపోయింది.

పంటు నర్సాపురం రేవుకు ఆనకముందే ముసలాయన గట్టు మీదికి దూకాడు. రేవులో బండ్ల దగ్గర నిలబడ్డవాళ్లతో ఏదో అంటూ మా వైపు చూపించాడు. ఈసారి అతను చెబుతున్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.